చుక్క పెట్టని బోర్డు

మేడ మీది గది
మార్చి 6

జిగురక్కకి,

ఎలా ఉన్నావు, బావ మోకాలు ఎలా ఉంది అని అడగడం అయిపోయిందనుకో. అసలు సంగతికి వస్తాను. నేను బోర్డులు రాయడం మానేశాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు రాశాను, ఇక చాలు. ఇప్పుడెవరికి కావాలి చేతిరాత? మిషన్లో అచ్చేసి గంటలో తెచ్చి తగిలించేస్తున్నారు. నువ్వు బెంగ పెట్టుకోకు, నేనేమీ చేతులు ముడుచుకు కూర్చోలేదు.

మా వీధి చివర లైబ్రరీ ఉంది కదా, దాని బోర్డు రాసింది నేనే. అక్కడి మేడం రెండు నెలల కిందట పిలిచి, చదువుకునే హాల్లో పొడుగాటి గోడ ఖాళీగా ఉంది, అక్టోబరులో మీ బొమ్మలు పెట్టండి అంది. నాకు అక్షరాలు తప్ప బొమ్మలు రావండీ అన్నాను. "అక్షరాలు వద్దు. చెట్టూ మనిషీ కూడా అక్కర్లేదు. ఉత్త రంగూ గీతా చాలు. ఇన్నేళ్ళూ అందరి పేర్లూ రాశారు, మీదంటూ ఒకటి గియ్యండి" అంది. ఆ మాట బుర్రలో తిష్ట వేసుకుని కూర్చుంది.

అందుకని ఇప్పుడు నా గదిలో ఎనామిల్ డబ్బాలు, కొవ్వొత్తులు, టీ పొడి, పాత రేకు ముక్కలు. దేనితో పడితే దానితో ప్రయత్నిస్తున్నాను. పాత సామాన్లవాడు తొంగి చూసి, అమ్ముతారా అని అడిగాడు.

నీ దగ్గర దాపరికం ఎందుకు. ఈ గోడ నిండితే నేనింకా పనివాణ్ణే. నిండకపోతే నాన్నలాగే కుంచెలు కట్టగట్టి అటక మీద పడేసి, కుర్చీలో కూర్చుంటాను. నాన్న ఆ కుర్చీలో ఎనిమిదేళ్ళు ఎలా కూర్చున్నాడో ఇద్దరం చూశాం. నాకు ఆ కుర్చీ అంటే భయం అక్కా.

మొదటి ప్రయత్నం పార్సిల్లో వస్తోంది. చుక్క పెట్టలేదు. నాన్న పద్ధతి గుర్తుందిగా, తనకి నచ్చిన బోర్డుకే కింద కుడి మూలన ఎర్రచుక్క. నచ్చకపోతే రాయించుకున్నవాడు ఎంత పొగిడినా పెట్టేవాడు కాదు. నేనూ అలాగే చేస్తూ వచ్చాను. ఈసారి మాత్రం నువ్వు చూసి చెప్పాకే. మొహమాటపడకుండా ఉన్నదున్నట్టు రాయి.

నీ తమ్ముడు
స్కేలుగాడు


బైండింగ్ షెడ్డు
మార్చి 19

స్కేలుగాడికి,

పార్సిల్ వచ్చేసరికి నా చేతులు మోచేతుల దాకా జిగురు. మీ బావ విప్పి పట్టుకుంటే దూరం నుంచే చూశాను. ఏం చెప్పమంటావురా. చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ చూశాను.

ఆ బూడిద రంగు గీత కింది మూలన బయల్దేరి, జంకుతూ జంకుతూ పైకి పోయి, మధ్యలో ఆగి, మళ్ళీ ధైర్యం తెచ్చుకుని కదులుతుంది. తలుపు కొట్టాలా వద్దా అని గుమ్మం బయట తచ్చాడే మనిషిలా ఉంది. పక్కనే నీలం మరకలు రెండు. స్కేలు లేకుండా తిన్నగా గీస్తావని నాన్న నీకు స్కేలుగాడని పేరు పెట్టాడు కదా, ఆ స్కేలుగాడిలో ఇలాంటి గీత ఉందని నాకు తెలీదు. నాకెందుకో కళ్ళు చెమర్చాయి. మీ బావ దాన్ని తలకిందులుగా పట్టుకుని "బాగుంది" అన్నాడు. తిన్నగా తిప్పాక కూడా అదే మాట అన్నాడు. ఆయన్ని వదిలెయ్.

ప్రెస్సులో ఒక పూట అదిమి పెట్టి, మడతలు పోయాక అద్దం వేయించి ఎదురు గోడకి తగిలించాను. ప్రెస్సు చక్రం తిప్పినప్పుడల్లా కళ్ళు అటే పోతున్నాయి.

ఇంత పల్చటి కాగితానికి అంత మందం అట్టలు పెట్టావేమిటి? పైగా వాటికి కూడా చారలు చారలుగా రంగు పూశావు, నీ పిచ్చిగానీ. వృథా చేయలేదులే. కోసి, పక్కకొట్టు దర్జీగారి కొలతల పుస్తకానికి అట్టలు వేశాను. ఆయన తెగ మురిసిపోయాడు.

కాగితానికి చుక్క పెట్టొచ్చు. నేను చెబుతున్నాను.

ఇంకో మాట. నీ ఉత్తరాల్లో అక్షరాలు చీమల్లా ఉండేవి, ఇప్పుడు ఒక్కోటి బొద్దింకంత ఉంది. కళ్ళజోడు మార్పించుకో.

నీ జిగురక్క


మేడ మీది గది
మార్చి 27

అక్కకి,

నువ్వు కోసి దర్జీకి ఇచ్చినవి నా బొమ్మలు. నువ్వు అద్దం వేయించి తగిలించింది, నేను కుంచె తుడుచుకున్న చిత్తుకాగితం. రెండు అట్టల రంగులు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో పెట్టాను.

ఒక్కో అట్టకి పదిహేను రోజులు పట్టింది. అంచులకి టేపు అంటించి, మణికట్టు కింద కర్ర ఆనించి, ఊపిరి బిగబట్టి వేశాను. పదకొండు చారలు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. ఇప్పుడు వాటి మధ్యన దర్జీ జనాల నడుం కొలతలు రాసుకుంటున్నాడు.

నీ తప్పు కూడా కాదులే. పాతికేళ్ళుగా అట్టల మధ్య కాగితాలు పెట్టుకుని బతికే మనిషివి, నీ కంటికి అట్ట అట్టలాగే కనిపిస్తుంది. ఇంకొకరైతే ఈ పొరపాటు చేసేవాళ్ళు కాదు. కోపం మాత్రం పోలేదు, రెండు రోజులుగా అన్నం సయించట్లేదు.

ఆ చిత్తుకాగితం గోడ మీంచి తీసెయ్. ఎవరికీ చూపించకు. నా కళ్ళజోడు బాగానే ఉంది.

తమ్ముడు


బైండింగ్ షెడ్డు
ఏప్రిల్ 4

తమ్ముడికి,

నిజం చెప్పేస్తాను. నీ ఉత్తరం చదివి ముందు పావుగంట పొట్ట పట్టుకుని నవ్వాను. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత చేతిలో పని పడేసి దర్జీగారి దగ్గరికి పరిగెత్తాను. ఇవ్వనన్నాడు. అప్పటికే పద్నాలుగు మంది కొలతలు ఎక్కించేశాడట. కొత్త అట్టలు వేసిస్తానని బతిమాలాను. "ఈ చారలు చూసి మనుషులు కాసేపు నిలబడుతున్నారమ్మా" అంటాడు. నీ బొమ్మలు చూసి నిలబడ్డవాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు, అది కూడా లెక్కలో వేసుకో.

తప్పు నాదేరా, క్షమించు. నెల రోజుల కష్టాన్ని కత్తి పెట్టి కోసేశాను. అది తలుచుకుంటే నాకూ ముద్ద దిగట్లేదు.

కానీ మొహమాటం వద్దన్నది నువ్వు. అట్టలు అట్టల్లాగే ఉన్నాయి. వాటిలో వంక పెట్టడానికి ఏమీ లేదు, నువ్వూ లేవు. ఎవరో మంచి పనివాడు చేశాడు అనిపిస్తుంది, అంతే. కాగితంలో మాత్రం నా తమ్ముడున్నాడు. కోప్పడితే కోప్పడు, దాన్ని తియ్యను.

చిత్తుకాగితమే అయితే ఎవరు చూస్తే ఏం పోయింది? ఎవరికీ చూపించకు అని ఎందుకు రాశావు? ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. జవాబు రాయి.

అక్క


మేడ మీది గది
జూన్ 15

జిగురక్కకి,

రెండు నెలలు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నానని తిట్టుకుంటున్నావా? కోపం ఎప్పుడో పోయింది. పనిలో మునిగిపోయాను, అంతే.

ముందు మైనం. కొవ్వొత్తులు కరిగించి, రంగు కలిపి, చెక్క మీద పోశాను. అద్భుతంగా వచ్చింది. ఆరుతుందని కిటికీలో పెట్టి బజారుకి వెళ్ళొచ్చేసరికి, పసుపు మొత్తం కిందికి కారి నా చెప్పుల్లో గడ్డకట్టింది. చెక్క మీద మిగిలిందే పంపుతున్నాను. చెప్పులు కూడా బొమ్మే అంటే అవీ పంపుతాను.

తర్వాత టీ. గుడ్డని చిక్కటి డికాషన్లో ముంచి, తీసి, మడిచి, మళ్ళీ ముంచాను. అయిదు రకాల గోధుమ రంగులు వచ్చాయి. ఆ తర్వాత తుప్పు. రేకు మీద ఉప్పునీళ్ళు చల్లి వదిలేస్తే రోజూ పొద్దున లేచేసరికి అదే తన బొమ్మ గీసుకుంటోంది. నేను ఊరికే కుర్చీ వేసుకుని చూడ్డమే.

మూడూ పంపుతున్నాను. ఒక్కోదాని మీద బాణం గుర్తు వేసి "ఇదే బొమ్మ" అని రాశాను. చుట్టిన కాగితాలు చింపి పారెయ్. లైబ్రరీ మేడం గోడకి సున్నం కూడా వేయించింది.

స్కేలుగాడు


బైండింగ్ షెడ్డు
జూన్ 28

తమ్ముడూ,

మూడూ అందాయి. బాణాలు చూసి మీ బావ పడీ పడీ నవ్వాడు. చుట్టిన కాగితాలు వెనక్కీ ముందుకీ తిప్పి చూశాను. ఈసారి తెల్లగా ఉన్నాయి, ఒక్క గీత లేదు.

తుప్పు రేకు నిజంగా అందంగా ఉంది. టీ గుడ్డ ఒంటికి చుట్టుకోవాలనిపించింది. అవి బాగాలేవని నేననను. కానీ పోశావు, ముంచావు, చల్లావు, కూర్చుని చూశావు. మూడిట్లో ఒక్కదాంట్లోనూ కుంచె పట్టుకోలేదు. చిన్నప్పుడు అన్నం కంచంలో కూడా వేలితో గీతలు గీసి తన్నులు తిన్నవాడివి నువ్వు.

నిన్న పని ఆపేసి నీ ఉత్తరాలన్నీ నేల మీద వరసగా పరిచాను. నిరుడు వేసవి నుంచి అక్షరాలు పెద్దవవుతూ వచ్చాయి. ఒక్కో అక్షరం కింద కాగితం నొక్కుకుపోయి ఉంది, కర్ర ఆనించి రాస్తున్నావు. నాకు రాసే ఉత్తరాలు కూడా కర్ర పెట్టి రాస్తున్నావా?

ఇక దాగుడుమూతలు వద్దు, అడిగేస్తున్నాను. నీ చెయ్యి వణుకుతోందా? నాన్నకి లాగే?

ఏం రాసినా ఫరవాలేదు. రాయకుండా మాత్రం ఉండకు.

అక్క


మేడ మీది గది
జూలై 10

అక్కా,

అవును.

రెండేళ్ళయింది. మొదట్లో టీ కప్పు పట్టుకుంటే కొంచెం తొణికేది, నిద్ర చాలక అనుకున్నాను. తర్వాత కుంచెలోకి దిగింది. పోయిన ఏడు పళ్ళ డాక్టరుగారి బోర్డు రాస్తుంటే ఒక గుండ్రటి అక్షరం దగ్గర చెయ్యి జారింది. తుడిచి మళ్ళీ రాశాను. మళ్ళీ అంతే. మూడోసారి ఆయన వెనక నిలబడి చూస్తున్నాడు, మంచి మనిషి. పూర్తి చేసి ఇచ్చాను, చుక్క పెట్టలేదు. వారం తర్వాత అటు వెళ్తే దాని స్థానంలో మిషను బోర్డు ఉంది. నేను తల వంచుకుని అవతలి పక్క నుంచి వెళ్ళిపోయాను. మిషన్లు వచ్చి నా పని పోయిందని నీకు అబద్ధం రాశాను. పని నా దగ్గరే పోయింది.

డాక్టరుకి చూపించాను. వంశంలో వచ్చే వణుకే, ప్రాణానికి భయం లేదు, తగ్గదు, మెల్లగా పెరుగుతుంది అన్నాడు. మందు కొంచెం పనిచేస్తుంది. మణికట్టు ఆనిస్తే ఇంకొంచెం. అందుకే టేపులు, కర్రలు, మైనం, తుప్పు. నా చెయ్యి కనపడని పద్ధతి ఏదైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంటూ పోయాను. ఆ చిత్తుకాగితం మీద మాత్రం ఎవరూ చూడరుగా అని కర్ర లేకుండా ఆడించాను. నువ్వు సరిగ్గా దాన్నే పట్టుకుని గోడకి కొట్టావు. నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది బొమ్మలు కోసినందుకు కాదక్కా, దొరికిపోయినందుకు.

నాన్న చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగేవాడు గుర్తుందా? నేనూ ఈ మధ్య పక్కజేబులున్న చొక్కాలే కొంటున్నాను.

గోడ నావల్ల కాదు. మేడం పేరున క్షమించమని రాసిన ఉత్తరం ఇందులోనే పెడుతున్నాను. భాష కాస్త సరిచేసి వెనక్కి పంపు, ఇచ్చేస్తాను. అటక మీద చోటు చూసిపెట్టాను.

నీ తమ్ముడు


బైండింగ్ షెడ్డు
జూలై 20

నా బంగారు తండ్రికి,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, స్క్రూడ్రైవర్ తీసుకుని జిగురు బల్ల కిందికి దూరాను. ఎందుకో చెబుతాను. ఇది పాతికేళ్ళుగా మీ బావకి కూడా చెప్పలేదు.

నేను ఈ షెడ్డు తెరిచిన ఏడు నాన్న నాకోసం ఒక బోర్డు రాశాడు. అదే ఆయన చివరి బోర్డు. నువ్వప్పుడు పని మీద వేరే ఊళ్ళో ఉన్నావు. పొద్దున్నే భుజాన పెట్టుకుని తెచ్చాడు. గోడకి ఆనించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. "పొయ్యిలో పెట్టెయ్యమ్మా, ఎవరికీ చూపించకు" అన్నాడు. నువ్వు రాసిన మాటే, అక్షరం తేడా లేదు. చెయ్యి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇక ఆ చెయ్యి కుంచె పట్టలేదు.

మర్నాడు అడిగితే కాల్చేశాను నాన్నా అన్నాను. "మంచి పని చేశావు" అన్నాడు. కాల్చలేదురా. కాల్చబుద్ధి కాలేదు, తగిలించే ధైర్యం లేదు. బల్ల కింద రాత లోపలికి ఉండేలా స్క్రూలు బిగించేశాను. నా షెడ్డుకి బోర్డు ఎందుకు లేదని నువ్వు వచ్చినప్పుడల్లా అడిగేవాడివి, నేను రాసిస్తానే అని గొడవ చేసేవాడివి. జిగురు వాసనే నా బోర్డు అని నవ్వి తప్పించుకునేదాన్ని. ఆ బోర్డు ఉండగా ఇంకోటి ఎలా పెట్టుకోను?

నిన్న విప్పి తుడిచాను. "ఇచ్చట పుస్తకములు బైండు చేయబడును." ప్రతి అక్షరం వణుకుతోంది. ఆ వంకర ఒంపుల్లో ఒక ముసలాయన కూతురి కొట్టు కోసం పళ్ళు బిగించి రాసుకుంటూ పోవడం కనిపిస్తోంది. ఆ రోజు నేను ఆయన మాట వినకుండా, ఇదే నాకు కావాలి అని గుమ్మానికి కొట్టి ఉంటే, ఆయన ఆ కుర్చీలో ఎనిమిదేళ్ళు కూర్చునేవాడా? ఈ ప్రశ్న నన్ను పాతికేళ్ళుగా తింటోంది. ఒకసారి చెప్పిన మాట విని తప్పు చేశాను. రెండోసారి చెయ్యను.

బోర్డు ఇప్పుడు గుమ్మం పైన ఉంది. మీ బావ నిచ్చెన పట్టుకున్నాడు, ఈసారి "బాగుంది" అనలేదు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

మేడంకి నువ్వు రాసిన ఉత్తరం దర్జీగారి కొలతల పుస్తకం అట్ట లోపల అంటించేశాను. కావాలంటే వెళ్ళి ఆయన్ని అడుగు, ఇస్తాడేమో చూద్దాం.

గోడ కొలత రాసి పంపు. మంచి కాగితాలు అతికి ఒకే ముక్కగా చేసి ఇస్తాను. అతుకు ఎక్కడుందో నీకే తెలీదు, అది నా పూచీ. కర్ర మాత్రం నాకు పంపించెయ్. మా ఇంట్లో పరదాకి కర్ర లేదు.

నీ జిగురక్క


లైబ్రరీ చదువుకునే హాలు
అక్టోబరు 12

జిగురక్కకి,

ఇది కర్ర లేకుండా రాస్తున్నాను. కాబట్టి మెల్లగా చదువు.

నీ కాగితం చుట్ట విప్పితే గోడ ఈ చివర నుంచి ఆ చివరకి సరిగ్గా సరిపోయింది. అతుకులు వేళ్ళతో తడిమి వెతికాను, దొరకలేదు. నా గదిలో పట్టదు కాబట్టి ఇక్కడే గోడకి కొట్టి, జనం చదువుకుంటూ ఉండగానే గీశాను. తొమ్మిది రోజులు పట్టింది. మొదటి రోజు కుంచె ముంచి గంటసేపు నిలబడ్డాను. చెయ్యి జేబులోకి పోతానంటుంది. చొక్కా విప్పేసి బనీనుతో నిలబడ్డాను, దానికి జేబు లేదు. పేపరు చదువుకునే పెద్దాయన కళ్ళజోడు మీంచి చూసి, వేడిగా ఉందా అన్నాడు.

ఒకటే గీత అక్కా. బూడిద రంగుది. మధ్యలో కొంత దూరం టీ నీళ్ళలో తడిపాను, ఒకచోట మైనం రాశాను, రంగు జారి పక్కకి పోయింది. చెయ్యి ఎక్కడ ఎంత వణికితే అంత వణకనిచ్చాను. తుడవలేదు. ఆరో రోజుకి దానికి భయపడటం మానేశాను. ఇన్నాళ్ళూ దాన్ని కట్టేసి పనిచేయించాను, ఇప్పుడు అది నడుస్తుంటే నేను పక్కన నడిచాను.

నిన్న మేడం బొమ్మ చూడ్డానికి అందరినీ పిలిచింది. పళ్ళ డాక్టరుగారు వచ్చారు. నన్ను చూసి ఇబ్బంది పడ్డారు, నేనే వెళ్ళి చెయ్యి చాపాను. వణుకుతున్న చేత్తోనే. ఆయన రెండు చేతులతో పట్టుకుని, కాసేపు వదల్లేదు.

కింద కుడి మూలన చుక్క పెట్టాను. అది కూడా కుదురుగా రాలేదు, చిన్న తోక వచ్చింది. ఉంచేశాను. నిన్ను మొదటిరోజే రావద్దన్నందుకు ఏమీ అనుకోకు. నువ్వు ఎదురుగా ఉంటే ఏడుస్తానని భయం. ఇప్పుడు రా.

స్కేలుగాడు (పేరు మార్చాలేమో, నువ్వే ఆలోచించు)


బైండింగ్ షెడ్డు
అక్టోబరు 21

స్కేలుగాడికే,

పేరు మార్చను. నాన్న పెట్టింది.

నీ ఉత్తరం చదవడానికి రెండు పూటలు పట్టింది. కొన్ని అక్షరాలు ఇప్పటికీ అర్థం కాలేదు, నువ్వు వచ్చినప్పుడు చదివి వినిపించు. ఆదివారం పొద్దున బస్సుకి నేనూ మీ బావా వస్తున్నాం. దర్జీగారు కూడా వస్తానంటున్నాడు, కొలతల పుస్తకం చంకన పెట్టుకుని. నీ గోడ పక్కన అది కూడా రెండు రోజులు పెట్టాలట. నువ్వే సమాధానం చెప్పుకో.

తిరిగి వచ్చేటప్పుడు నిన్ను మాతో తీసుకొస్తాం. ఒక పని ఉంది. నాన్న బోర్డు గుమ్మం మీద పెట్టి మూడు నెలలైంది. వచ్చేపోయేవాళ్ళు తలెత్తి చదివి, లోపలికి వచ్చి, ఎవరు రాశారని అడుగుతున్నారు. కింద కుడి మూల మాత్రం ఖాళీగానే ఉంది. ఆయనకి నచ్చలేదు, పెట్టలేదు. మనిద్దరికీ నచ్చింది కదా.

ఎర్ర రంగు చిన్న డబ్బా కొనిపెట్టాను. నిచ్చెన కూడా సిద్ధంగా ఉంది. ఆ చుక్క నేనే పెట్టేద్దామని నిన్న ఒకసారి ఎక్కాను కూడా. పెట్టలేక దిగిపోయాను. నా చెయ్యి వణకదురా.

నీ జిగురక్క